అట్ట మూత కింద సముద్రం
మూతలెత్తి, తడిమి, లాగి చూసే జలచరాల బొమ్మల పుస్తకాలు నగరాల్లో పసిపిల్లల చేతికొచ్చాయి. వాటి నుంచి వాళ్లు నేర్చేదెంత? అసలు వాటిలో ఉన్నది ఎవరి సముద్రం?

పేజీ నిండా నీలం. మధ్యలో ఒక పగడపు దిబ్బ. దిబ్బ నిజానికి ఓ అట్టముక్క. ఏడాదిన్నర పాప దాని అంచు కింద వేలు దూర్చి పైకి లేపుతుంది. లోపల ఎనిమిది చేతుల ఆక్టోపస్. మూసేస్తుంది. మళ్లీ తెరుస్తుంది. మళ్లీ అదే ఆక్టోపస్, మళ్లీ అదే కేరింత. పక్కన కూర్చున్న తల్లికి నాలుగోసారికే విసుగొస్తుంది గానీ పాపకు ఇరవయ్యోసారికీ రాదు.

హైదరాబాద్, విశాఖపట్నం, చెన్నై, బెంగళూరుల్లోని పెద్ద పుస్తక దుకాణాల్లో పసిపిల్లల అరలను నింపుతున్నవి ఇలాంటి పుస్తకాలే. మూతలెత్తేవి కొన్ని, గరుకునీ నునుపునీ వేలితో తడిమి చూసేవి కొన్ని, పేజీ తిప్పగానే తిమింగలం నిలువునా లేచి నిలబడేవి కొన్ని, మీట నొక్కితే అలల హోరు వినిపించేవి మరికొన్ని. స్నానం చేయించేటప్పుడు నీళ్లలో పడేసేందుకు ప్లాస్టిక్ పుస్తకాలూ ఉన్నాయి. విదేశాల నుంచి వచ్చినవాటి ధర నాలుగైదు వందల రూపాయల నుంచి వెయ్యి పైదాకా పలుకుతుంది. పొలం జంతువులు, అడవి జంతువులు, డైనోసార్లు, వాహనాలతో పాటు సముద్ర ప్రాణులు ఈ అరల్లో శాశ్వత సభ్యులు.

వీటిని కొనే మధ్యతరగతి తల్లిదండ్రులు ఆటవస్తువు అనుకుని కొనడం లేదు. చదువు అనుకుని కొంటున్నారు. బొమ్మలకైతే బేరమాడేవాళ్లు కూడా అట్ట మీద 'ఇంటరాక్టివ్' అన్న మాట చూసి మారు మాట్లాడకుండా డబ్బు చెల్లిస్తారు. పిల్లాడు వేళ్లతో పని చేస్తూ నేర్చుకుంటాడు గనక మామూలు బొమ్మల పుస్తకం కంటే ఇదే ఎక్కువ నేర్పుతుందన్నది వాళ్ల నమ్మకం. వినడానికి సబబుగానే ఉంది. కాకపోతే ఈ నమ్మకాన్ని పరీక్షకు పెట్టిన మనస్తత్వ శాస్త్రవేత్తలకు దొరికిన జవాబు వేరు.

ఆ జవాబు దగ్గరికి వెళ్లేముందు, ఈ తరహా పుస్తకానికీ సముద్రానికీ ఎందుకింత పొత్తు కుదిరిందో చూడాలి. నీటి కింద బతుకంతా దాగుడుమూతలే. రాతిచేప రాయిలా పడి ఉంటుంది, ఆకుచేప ఆకులా ఊగుతుంది, సన్యాసి పీత అరువు తెచ్చుకున్న గుల్లలో ముడుచుకుంటుంది. దాచి చూపించడమే పనిగా పెట్టుకున్న పుస్తకానికి ఇంతకు మించిన వస్తువేం కావాలి?

ఈ సంగతిని బాగా పట్టుకున్నవాడు అమెరికన్ చిత్రకారుడు ఎరిక్ కార్ల్. ఆకలిగొన్న గొంగళిపురుగు కథతో 1969లోనే లోకమంతా పేరు తెచ్చుకున్న ఆయన, 2004లో 'మిస్టర్ సీహార్స్' వేశారు. అందులో మూతలు లేవు, మధ్యమధ్యలో పారదర్శకమైన ప్లాస్టిక్ పేజీలున్నాయి. ఒక పేజీ మీద నీటి గడ్డి, మరో పేజీ మీద పగడం, ఇంకో దాని మీద రాయి అచ్చువేసి ఉంటాయి. ఆ పేజీ కింది బొమ్మ మీద పడినప్పుడు కనిపించేది గడ్డీ రాయీ మాత్రమే. తిప్పితే అక్కడో చేప. ట్రంపెట్ చేప గడ్డి చాటున, లయన్ ఫిష్ పగడం చాటున. అంటే పేజీ చేసే పని, నిజంగా ఆ చేప చేసే పని ఒకటే. పిల్లాడి వేలు ఆ రహస్యాన్ని విప్పుతుంది.

కథ కూడా ఆషామాషీది కాదు. ఆడ సముద్ర గుర్రం గుడ్లను మగదాని పొట్ట సంచిలో పెడుతుంది. మోసేది, పిల్లల్ని బయటికి వదిలేది మగదే. ఆ తండ్రి ఈదుకుంటూ పోతూ తనలాగే గుడ్లను సాకుతున్న ఇతర తండ్రులను పలకరిస్తాడు. వాళ్లలో నోట్లో గుడ్లు దాచుకున్న తిలాపియా ఒకటి. ఆంధ్ర పాఠకులకు ఇక్కడో చిన్న మెలిక ఉంది. తిలాపియాల్లో కొన్ని రకాల్లోనే గుడ్లు మోసే బాధ్యత తండ్రిది. మన చెరువుల్లో కనిపించే నైలు, మొజాంబిక్ రకాల్లో ఆ పని తల్లిదే. కార్ల్ చెప్పింది తప్పు కాదు, మన చెరువుకు వర్తించదంతే. కార్ల్ 2021లో కన్నుమూశారు. కదిలే బొమ్మల పుస్తకాల్లో ఆయన పని మీద ఇప్పటికీ గౌరవం ఉందంటే కారణం ఆ ప్లాస్టిక్ పేజీల వంటి పొదుపైన ఆలోచనలే.

కదిలే పుస్తకాలు మొదట పుట్టింది పిల్లల కోసం కాదు. మధ్యయుగాల ఐరోపాలో తేదీలు, గ్రహగతులు లెక్కించడానికి పేజీ మీద కాగితపు చక్రాలు కుట్టుకునేవారు. 16వ శతాబ్దంలో వైద్య విద్యార్థులు శరీర భాగాలను ఒక్కో కాగితం పొర ఎత్తి చూసేవారు. లండన్ ప్రచురణకర్త రాబర్ట్ సేయర్ 1760ల్లో మడతలెత్తే కథలు అమ్మాడు. 19వ శతాబ్దం చివర్లో మ్యూనిక్‌కు చెందిన లోథార్ మెగెన్‌డోర్ఫర్ ఒక్క కాగితపు నాలుక లాగితే బొమ్మలో కళ్లు, చేతులు, కాళ్లు అన్నీ కదిలేలా చేసి అబ్బురపరచాడు. పసిపిల్లల దాకా వచ్చింది 20వ శతాబ్దంలోనే. తడిమి చూసే పుస్తకాలకు మూలపుటమ్మ అనదగ్గ డొరొతీ కున్‌హార్ట్ కుందేలు పుస్తకం 1940లో, మూతలెత్తే పుస్తకాలను ఇంటింటికీ చేర్చిన ఎరిక్ హిల్ కుక్కపిల్ల స్పాట్ 1980లో వచ్చాయి. హిల్ ప్రకటనల డిజైనర్. తాను చేస్తున్న ఓ ప్రకటన కాగితంలోని మడతను రెండేళ్ల కొడుకు ఎత్తి ఎత్తి చూసి సంబరపడటమే ఆయనకు ఆ ఆలోచన ఇచ్చింది. బ్రిటన్‌కు చెందిన అస్‌బార్న్ సంస్థ 1999లో మొదలుపెట్టిన 'దట్స్ నాట్ మై' వరుస తడిమే పుస్తకాన్ని పరిశ్రమ స్థాయికి తీసుకెళ్లింది. సముద్రం వైపు చూస్తే, స్విట్జర్లాండ్ చిత్రకారుడు మార్కస్ ఫిస్టర్ 1992లో తన ఇంద్రధనుస్సు చేపకు మిలమిలలాడే రేకు పొలుసులు అద్దాడు. రాబర్ట్ సబూదా, మాథ్యూ రైన్‌హార్ట్ 2006లో ప్రాచీన సొరచేపలను దవడలు తెరిచి పేజీలోంచి లేచేలా నిలబెట్టారు. ఈ చివరిది పెద్దపిల్లలకే తగినది. రెండేళ్లవాడి చేతిలో పెడితే ఒక్క పూటలో సొరచేప పళ్లూడిపోతాయి.

ఇక పరీక్షల సంగతి. వర్జీనియా విశ్వవిద్యాలయంలో పసిపిల్లలూ బొమ్మలూ అన్న విషయం మీద దశాబ్దాలు పనిచేసిన మనస్తత్వ శాస్త్రవేత్త జూడీ డిలోష్. ఆమె బృందం 1998లో తొమ్మిది నెలల పసివాళ్ల ముందు వస్తువుల రంగు ఫొటోలున్న పుస్తకం పెట్టింది. పిల్లలు ఫొటోలోని వస్తువును రుద్దారు, తట్టారు, పేజీలోంచి ఊడబెరికి తీసుకోబోయారు. అమెరికాలోనే కాదు, ఆఫ్రికాలోని ఐవరీ కోస్ట్ పల్లెల్లో బొమ్మల పుస్తకం ఎరగని పిల్లలూ అదే పని చేశారు. పందొమ్మిది నెలలకు వచ్చేసరికి ఈ లాగులాట పోయి, వేలు చూపించి ఏదో అనడం మొదలవుతుంది. బొమ్మ అంటే పట్టుకునే వస్తువు కాదు, మరో వస్తువు గురించి చెప్పే గుర్తు అని బుర్రకెక్కడం అన్నమాట. పెద్దవాళ్లకు ఇది ఎంత సహజమంటే, ఒకప్పుడు నేర్చుకున్నామన్న సంగతే గుర్తుండదు.

ఈ నేర్పు మొదట్లో చాలా బలహీనంగా ఉంటుంది. డిలోష్ చేసిన మరో ప్రయోగం దీన్ని బాగా చూపుతుంది. ఒక గదికి అచ్చం అలాంటిదే చిన్న నమూనా గది చేసి, నమూనాలో బుల్లి బొమ్మను ఎక్కడ దాచారో పిల్లలకు చూపించి, అసలు గదిలో పెద్ద బొమ్మను వెతకమన్నారు. మూడేళ్లవాళ్లు తేలిగ్గా వెతికేవారు. రెండున్నరేళ్లవాళ్లు తడబడేవారు. అయితే ఆ నమూనాను ముట్టుకోనివ్వకుండా అద్దం వెనక పెట్టి చూపిస్తే రెండున్నరేళ్లవాళ్లూ మెరుగయ్యారు. అదే నమూనాతో ముందు కాసేపు ఆడుకోనిస్తే మూడేళ్లవాళ్లు కూడా వెనకబడ్డారు. ఆటవస్తువైపోయిన దాన్ని మరోదానికి గుర్తుగా చూడటం పసిబుర్రకు కష్టం.

సరిగ్గా ఇదే చిక్కు మూతల పుస్తకాలకూ వచ్చింది. మేధా తారే, సింథియా చోంగ్, పెట్రీషియా గానియా, డిలోష్ కలిసి 2010లో ప్రచురించిన అధ్యయనంలో ఏడాదిన్నర నుంచి మూడేళ్లలోపు పిల్లలకు కొత్త జంతువులను పుస్తకాలతో పరిచయం చేశారు. కొందరికి లాగి, ఎత్తి చూసే పుస్తకం. కొందరికి కదలికలేమీ లేని మామూలు పుస్తకం. జంతువుల పేర్లు, వాటి గురించిన కొత్త సంగతులు ఎక్కువ నేర్చుకున్నది మామూలు పుస్తకం చూసినవాళ్లే. అందులోనూ ఫొటోలున్న పుస్తకం ముందు నిలిచింది. చోంగ్, డిలోష్ 2013లో అక్షరాలతో ఇదే చేసి చూస్తే అక్కడా మూతలూ నాలుకలూ ఉన్న పుస్తకం వెనకబడింది. వేలికి దొరికిన పనిలో పడి కంటికి చూపించిన సంగతి జారిపోతోందన్నది వాళ్ల తాత్పర్యం.

ట్యాబ్లెట్ తెర మీది పుస్తకాలకూ ఈ నియమం వర్తిస్తోంది. నెదర్లాండ్స్‌కు చెందిన అడ్రియానా బస్, ఆమె సహచరులు 2015లో అనేక అధ్యయనాలను కలిపి చూశారు. కథకు తోడ్పడే కదలిక, శబ్దం ఉంటే పిల్లలకు మేలు జరిగింది. కథతో సంబంధం లేని ఆటలు, తాకితే ఎగిరే బుడగలు చేరిస్తే ఆ మేలు కాస్తా పోయింది. తిమింగలం పాట వినిపిస్తే సరే, తిమింగలాన్ని తాకితే చప్పట్లు వినిపిస్తే ఏం లాభం?

అలాగని మూతల పుస్తకాలను చెత్తబుట్టలో వేయనక్కర్లేదు. ఆ అధ్యయనాలు కొలిచింది పేర్లూ సంగతులూ ఎన్ని గుర్తున్నాయన్నదే. పుస్తకమంటే ఇష్టం, పేజీ తిప్పే అలవాటు, ఒడిలో కూర్చునే కాసేపు, ఇవి ఆ కొలతలో లేవు. ఎత్తిన మూత దేన్ని చూపిస్తోందన్నదే అసలు ప్రశ్న. మూత కింద సన్యాసి పీత గుల్లలోంచి తల బయటపెడితే వేలు చేసిన పని, పీత గురించిన సంగతి ఒకటవుతాయి. మూత కింద టోపీ పెట్టుకున్న డాల్ఫిన్ బంతి ఆడుతుంటే మిగిలేది మూత ఒక్కటే. జంతువులను మనుషుల్లా మాట్లాడించే పుస్తకాల మీద గానియా బృందం 2014లో పనిచేసి, అవి చదివిన పిల్లలు జంతువులకు మనిషి బుద్ధులు అంటగట్టే అవకాశం ఎక్కువని తేల్చింది.

తడిమే పుస్తకాల్లో ఈ తేడా మరీ కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. సొర చర్మం గరుకుకాగితంలా ఉంటుంది. దాని మీద సన్నటి పళ్ల వంటి పొలుసులుంటాయి. వెనకటి రోజుల్లో కర్రను నునుపు చేయడానికి ఆ చర్మాన్నే వాడేవారు. ఒక్క గరుకుకాగితం ముక్క అతికిస్తే పిల్లాడి వేలికి జీవితాంతం గుర్తుండిపోయే సంగతి ఇది. కానీ మార్కెట్లో సొర పొట్టకు మెత్తటి వెల్వెట్ అతికించిన పుస్తకాలూ ఉన్నాయి. మెత్తగా ఉంటే పిల్లలకు నచ్చుతుందని కాబోలు. ధ్రువపు ఎలుగుబంటినీ పెంగ్విన్‌నూ ఒకే మంచు గడ్డ మీద నిలబెట్టే పుస్తకాలకు కూడా లోటు లేదు. ఒకటి ఉత్తర ధ్రువం జంతువు, మరొకటి దక్షిణార్ధ గోళం పక్షి.

అన్నిటికంటే ఎక్కువ ఫలితం ఇచ్చేది పుస్తకంలో లేదు. అమెరికాలో గ్రోవర్ వైట్‌హర్స్ట్ బృందం 1988లో చూపించినదాని ప్రకారం, చదివి వినిపించేవాళ్లు ప్రశ్నలడిగి, పిల్లలు చెప్పినదాన్ని పొడిగిస్తూ పోతే పిల్లల మాట వేగంగా ఎదుగుతుంది. మూత ఇక్కడ పనికొస్తుంది. ఎత్తే ముందు ఒక్క క్షణం ఆపితే చాలు.

'దీని కింద ఎవరున్నారో చెప్పు కన్నా?'

'చేప.'

'ఏం చేప? పెద్దదా, బుజ్జిదా?'

'పేద్ద చేప!'

'అమ్మో, పేద్ద చేపే. చూద్దామా మరి? అరె, పీతరా! దీనికి ఎన్ని కాళ్లో లెక్కపెడదామా అమ్మమ్మతో?'

అమ్మమ్మకు ఇంగ్లిష్ రావాల్సిన పని లేదు. నిజానికి ఇంగ్లిష్‌లో అచ్చయిన రెండు వాక్యాలు చదివి పేజీ తిప్పేసే తండ్రి కంటే, అచ్చు సంగతి వదిలేసి తెలుగులో కబుర్లు చెప్పే అమ్మమ్మ చేతిలోనే ఆ ఐదు వందల రూపాయలు గిట్టుబాటవుతాయి.

అయితే ఆ అమ్మమ్మకు కూడా కాసేపటికి మాటలు కరువవుతాయి. పేజీల్లో ఉన్నవి ఓర్కా, నార్‌వాల్, పెంగ్విన్, సీల్, వాల్రస్. 2003లో 'ఫైండింగ్ నీమో' సినిమా వచ్చాక చారల క్లౌన్ ఫిష్ లేని పుస్తకమే అరుదైంది. అది మన అండమాన్, లక్షద్వీప్ పగడపు దిబ్బల్లోనూ ఉంటుంది గనక ఫర్వాలేదు. కానీ విశాఖ ఫిషింగ్ హార్బర్‌లోనో, కాకినాడ బజారులోనో, మచిలీపట్నంలోనో పిల్లాడు అమ్మ చెయ్యి పట్టుకుని చూసే చందువా, వంజరం, కానాగంతలు, నెత్తళ్లు, పండుగప్ప, టేకు ఈ పుస్తకాల్లో కనిపించవు. ఆంధ్రప్రదేశ్‌కు పాత లెక్కల్లో 974 కిలోమీటర్లు, ఇటీవలి కొలతల్లో 1,053 కిలోమీటర్ల తీరం ఉంది. ఆ తీరం మీది పిల్లాడికి పుస్తకంలోని సముద్రం వేరే దేశానిది.

ఇందులో ఎవరి కుట్రా లేదు, అచ్చు యంత్రం లెక్క ఉంది. రంగుల ముద్రణకు నాలుగు ప్లేట్లు కావాలి. నీలం, ఎరుపు, పసుపు, నలుపు. అక్షరాలన్నీ నలుపు ప్లేటు మీదే ఉంచితే మిగతా మూడింటినీ కదపకుండా, నలుపు ఒక్కటే మార్చి, ఫ్రెంచి, జర్మన్, స్పానిష్, జపనీస్ ప్రతులను ఒకే విడతలో అచ్చు వేసుకోవచ్చు. మూతలను అచ్చుకోత మిషన్ మీద కోయాలి, చాలా భాగం చేత్తో మడవాలి, చేత్తో అతికించాలి. పాప్ అప్ పుస్తకాల కూర్పు 1970, 80ల్లో కొలంబియాలోని కాలీ నగరంలో విరివిగా సాగింది, తర్వాత చైనా, థాయ్‌లాండ్‌లకు మళ్లింది. ఇంత పని ఉన్న పుస్తకం వేల సంఖ్యలో కాక పది భాషలకు కలిపి లక్షల్లో అచ్చయితేనే గిట్టుతుంది. పది దేశాల్లో అమ్ముడుపోవాలంటే బొమ్మ ఏ దేశానిదీ కాకూడదు. అందుకే చేపల బజారు ఉండదు, తెరచాప తెప్ప ఉండదు, చీర కుచ్చిళ్లు ఎగ్గట్టి బుట్ట మోసే ఆడమనిషి ఉండదు. ఉండేది ఎవరికీ అభ్యంతరం లేని ఓర్కా.

వెయ్యి రెండు వేల ప్రతులతో సరిపెట్టుకునే తెలుగు బాల సాహిత్యం ఈ లెక్కలో ఇమడదు. హైదరాబాద్‌లో ఏటా జరిగే పుస్తక ప్రదర్శనలో తెలుగు పిల్లల పుస్తకాల స్టాళ్లకు జనం బాగానే వస్తారు. మంచి పుస్తకం, నేషనల్ బుక్ ట్రస్ట్, ప్రథమ్ బుక్స్‌ల బొమ్మల పుస్తకాలు వంద రూపాయలలోపే దొరుకుతాయి. కాకపోతే అవన్నీ పల్చటి కాగితం మీద అచ్చయినవి, మూడేళ్లు దాటినవాళ్లకు తగినవి. నమిలినా చిరగని దళసరి అట్ట, మూత, తడిమే గుడ్డముక్క కావాలంటే ఇంగ్లిష్ అరకు నడవాల్సిందే.

అనువదిస్తే సరిపోతుంది కదా అనుకోవచ్చు. తెలుగులో సీహార్స్‌ను ఏమనాలి? నీటిగుర్రం అంటే మన పాఠ్యపుస్తకాల్లో ఎప్పటి నుంచో హిప్పోపొటమస్. సముద్ర గుర్రం అనాలి, అదీ పిల్లాడికి ఒకసారి నవ్వు తెప్పించి తర్వాత అలవాటవుతుంది. స్టార్ ఫిష్‌ను నక్షత్ర చేప అనొచ్చు గానీ అది చేపే కాదు. వీటి కోసం నిఘంటువులు తిరగేసే బదులు మత్స్యకారుల దగ్గరికి వెళితే చాలా ప్రాణులకు పేర్లు సిద్ధంగా ఉంటాయి. ఊరికో పేరు ఉండటం అనువాదకుడికి తలనొప్పి, పిల్లలకు మాత్రం వేడుక.

దేశంలో ప్రయత్నాలు జరగలేదని కాదు. చెన్నైలో గీతా వోల్ఫ్ 1994లో స్థాపించిన తారా బుక్స్ సముద్రం దగ్గరే ఉండి సముద్రాన్ని పట్టించుకున్న ప్రచురణ సంస్థ. మిథిల చిత్రకారుడు రాంభరోస్ ఝా గీసిన జలచరాలతో వాళ్లు 2011లో తెచ్చిన 'వాటర్ లైఫ్' చేత్తో సిల్క్ స్క్రీన్ మీద అచ్చయిన పుస్తకం. వేలితో తడిమితే సిరా దళసరి తెలుస్తుంది. వెల మాత్రం పిల్లల చేతికిచ్చేలా ఉండదు. ఫ్రెంచి చిత్రకారిణి జోయెల్ జోలివే చెన్నై తీరాన్ని పగలొకవైపు, రాత్రొకవైపు గీసిన మడతల పుస్తకం కూడా వాళ్లదే. విప్పి నేల మీద నిలబెడితే పిల్లాడి చుట్టూ మెరీనాకు సోదరి లాంటి ఓ తీరం నిలుస్తుంది. మొయినా, జయదేవ్ చిత్రకార్ దంపతులు 2004 డిసెంబర్ 26 నాటి సునామీని బెంగాల్ పటచిత్ర పద్ధతిలో చెప్పిన పుస్తకం చుట్టలాగా పొడుగ్గా విచ్చుకుంటుంది. ఇది పసిపిల్లలది కాదు. కానీ పుస్తకం విప్పే చేతికి, అల ముంచుకొచ్చే తీరుకి అందులో కుదిరిన పొంతన గమనించదగింది.

అసలు విప్పుతూ, ఎత్తుతూ కథ చెప్పడం ఇక్కడివాళ్లకు ఎవరో నేర్పాల్సిన విద్య కాదు. రాజస్థాన్‌లో కావడ్ అనే చెక్క గుడి ఉంటుంది. చిత్తోడ్‌గఢ్ జిల్లా బస్సీ గ్రామం వడ్రంగులు చేస్తారు. తలుపు మీద తలుపు తెరుస్తూ, ఒక్కో తలుపు మీది బొమ్మను చూపిస్తూ కథకుడు వంశగాథలు వినిపిస్తాడు. చెన్నైకి చెందిన తూలిక ప్రచురణ సంస్థ నీనా సబ్నానీ చేత ఇదే తీరులో 'హోమ్' అనే పుస్తకం చేయించింది. తెలంగాణలో చేర్యాల నకాషీ పటం చుట్ట విప్పుతూ కులపురాణాలు పాడే కళాకారులున్నారు. అరలు అరలుగా గీసిన ఆ పటంలో ఏ బొమ్మ ఎప్పుడు కనబడాలో పాటగాడికి తెలుసు. ఇంత సామగ్రి చేతిలో ఉండి, మూడేళ్ల పిల్లాడి కోసం ఒక దళసరి అట్ట తెలుగు పుస్తకం చేయడానికి మనసు రాకపోవడమే వింత.

కొత్తగా వచ్చిన వెసులుబాటు ఒకటుంది. ప్రథమ్ బుక్స్ 2015లో తెరిచిన స్టోరీవీవర్ వేదికలోని కథలను ఎవరైనా ఉచితంగా చదువుకోవచ్చు, తమ భాషలోకి మార్చుకోవచ్చు, అచ్చు వేసుకోవచ్చు. రాజీవ్ ఐప్ గీసిన 'డైవ్' వంటి సముద్రగర్భపు బొమ్మల పుస్తకాలు అందులో ఉన్నాయి. అందులో మూతలు లేవు. డిలోష్ మాట నమ్మితే అదేమంత లోటూ కాదు.

ఇంట్లో వాడకం దగ్గర మరో రెండు సంగతులు. శబ్దం వచ్చే పుస్తకాల్లో బిళ్ల బ్యాటరీలుంటాయి. పిల్లాడు మింగితే గంటల్లోనే అన్నవాహికను కాల్చేస్తాయి. అమెరికా 2022లో వీటి మీద ప్రత్యేక చట్టమే చేసింది. మన దేశంలో ఆటబొమ్మలకు 2021 జనవరి 1 నుంచి ఐఎస్ఐ ముద్ర తప్పనిసరి. పుస్తకం అరలో పెట్టి అమ్మే వస్తువును ఆ కంటితో చూసే తల్లిదండ్రులు తక్కువ. బ్యాటరీ అరకు మర ఉందో లేదో కొనేచోటే చూసుకోవాలి. రెండోది, మూతలు చిరుగుతాయి. గ్రంథాలయాలు వీటిని కొనడానికి వెనకాడేది అందుకే. చిరిగిన మూతను సెల్లోటేపుతో అతికించడం కూడా రెండేళ్ల పిల్లలకు ఓ ఆటే. ఊడిపోయినా, ఆక్టోపస్ బయటపడిపోయిందని ఏడ్చే పిల్లలు అరుదు.

అంగన్‌వాడీల దాకా ఈ పుస్తకాలు వస్తాయా? ఎన్‌సీఈఆర్‌టీ 2023 ఫిబ్రవరిలో విడుదల చేసిన 'జాదూయీ పిటారా' పెట్టెలో మూడు నుంచి ఎనిమిదేళ్లవాళ్ల కోసం బొమ్మలు, తోలుబొమ్మల వంటి ఆటవస్తువులు, బొమ్మల కార్డులు, కథల పుస్తకాలు ఉన్నాయి. ఆటతో చదువన్న సూత్రాన్ని ప్రభుత్వం ఒప్పుకున్నట్టే. ఇక మిగిలింది అట్ట, కత్తెర, జిగురు. పారేసే వస్తువులతో సైన్సు బొమ్మలు చేయించే అరవింద్ గుప్తా పుస్తకాలు తెలుగులోనూ ఉన్నాయి గనక ఆ దారి టీచర్లకు కొత్తేం కాదు. తీరగ్రామంలో అంగన్‌వాడీ టీచరు పాత క్యాలెండర్ అట్ట మీద ఇసుక అంటించి, ఇసుక మూత కింద తాబేలు గుడ్లు గీస్తే, ఆ పిల్లలకు వివరించి చెప్పాల్సిన పని ఉండదు. ఆలివ్ రిడ్లే తాబేళ్లు ఏటా చలికాలం చివర వాళ్ల తీరానికే వచ్చి గుడ్లు పెడతాయి. అటవీ శాఖ హేచరీల్లో పొదిగిన పిల్లలను సముద్రంలోకి వదలడం చూసినవాళ్లు కూడా వారిలో ఉంటారు. గుడ్డులోంచి వచ్చేది ఆడదా మగదా అన్నది ఇసుక వేడిని బట్టి ఉంటుందన్న సంగతి మరో మూత కింద పెట్టొచ్చు. దాన్ని పిల్లల కంటే టీచరే ముందు ఎత్తి చూస్తారు.

మూతలోపల మూత పెట్టాలన్నా మనకు ఓ పాత మాట సిద్ధంగా ఉంది. తిమి అంటే మహామత్స్యం. దాన్ని మింగేది తిమింగిలం, మనం తిమింగలం అంటున్నది దాన్నే. పూర్వులు అక్కడితో ఆగకుండా తిమింగిలాన్ని కూడా మింగేదాన్ని ఊహించి తిమింగిలగిలం అని పేరు పెట్టారు. నాలుగు అట్టముక్కలు, మూడు మడతలు, చివర అన్నిటికంటే లోపల ఒక నెత్తల్లు. అచ్చు ఖర్చు పెద్దగా కాదు, నలుపు ప్లేటు ఒక్కటి చాలు.